పిల్లల తోటమాలి ఫ్రోబెల్

ఈ దేశంలో మన పిల్లల చదువు మొదలయ్యేది కిండర్‌గార్టెన్‌తో. మనం రోజూ వాడే ఈ మాట నిజానికి ఇంగ్లీషుది కాదు, జర్మన్ భాషది. పిల్లల తోట అని దాని అర్థం. ఆ పేరు పెట్టిన వ్యక్తి ఫ్రీడ్రిక్ ఫ్రోబెల్. మన వైపు ఉపాధ్యాయ శిక్షణ పొందినవాళ్లకు ఆయన పరీక్షలో వచ్చే ఒక ప్రశ్నగా గుర్తుంటారు. పసిపిల్లలకు ఆటస్థలం ఎందుకు కావాలో తెలుసుకోవడానికి ఆయన జీవితం చదివితే చాలని మాకు అనిపించింది. అందుకే ఈ సంచికలో ఆయన గురించి రాస్తున్నాం.

ఫ్రోబెల్ 1782 ఏప్రిల్ 21న జర్మనీలోని థురింజియా కొండ ప్రాంతంలో పుట్టారు. తండ్రి చర్చి పాస్టరు. బిడ్డకు తొమ్మిది నెలలైనా నిండీ నిండకముందే తల్లి చనిపోయింది. తండ్రికి ఊరి పనులతో తీరిక ఉండేది కాదు. సవతి తల్లికి సొంత బిడ్డ పుట్టాక ఇతని మీద ఆపేక్ష తగ్గిపోయింది. ఇంటి తోటలో ఒంటరిగా చెట్టూ పువ్వూ చూసుకుంటూ పెరిగాడు. పదేళ్ల వయసులో మేనమామ తన దగ్గరికి తీసుకెళ్లాక గాని ఆ పిల్లవాడికి తోటి పిల్లలతో ఆరుబయట ఆడుకునే స్వేచ్ఛ దొరకలేదు. మొదట్లో ఆటల్లో వెనకబడేవాడు. ఆడగా ఆడగా ఒంట్లో బలం, మనసులో ధైర్యం వచ్చాయి.

ఆ తర్వాత చాలాకాలం ఆయనకు దారి దొరకలేదు. పదిహేనేళ్లకు అడవుల శాఖలో పని నేర్చుకోవడానికి చేరారు. యేనా విశ్వవిద్యాలయంలో చదువుతూ అప్పు తీర్చలేక కొన్ని వారాలు జైల్లో ఉన్నారు. భూముల కొలతలు, లెక్కలు రాసే పనులు చేశారు. 1805లో భవన నిర్మాణం నేర్చుకుందామని ఫ్రాంక్‌ఫర్ట్ వెళితే, అక్కడ ఒక బడి పెద్ద ఆయనను పాఠాలు చెప్పమన్నారు. తరగతిలో నిలబడ్డాక తన పని ఇదేనని తెలిసింది. 1808 నుంచి 1810 వరకు స్విట్జర్లాండులో పెస్టలాజీ దగ్గర ఉండి బోధన నేర్చుకున్నారు. నెపోలియన్‌పై యుద్ధంలో సైనికుడిగా పనిచేశారు. బెర్లిన్‌లో ఖనిజాల మ్యూజియంలో స్ఫటికాల ఆకారాలను పరిశీలించారు. ఇంజనీరింగు చదివిన మాబోటివాళ్లకు ఈ భాగం మరీ ఇష్టం. ఎందుకంటే పిల్లల కోసం ఆయన తర్వాత తయారుచేసిన చెక్క దిమ్మలకు పునాది ఆ కొలతలూ ఆ ఆకారాలే.

1817లో కైల్‌హౌ అనే పల్లెలో తన బడిని నిలిపారు. అక్కడ పాఠాలతో పాటు ఆటలకూ, అడవుల్లో నడకకూ చోటుండేది. 1826లో అచ్చయిన తన గ్రంథంలో, ప్రతి ఊరికీ పిల్లలందరికీ కలిపి ఒక ఆటస్థలం ఉండాలని రాశారు. కలిసి ఆడేచోట పిల్లవాడు న్యాయం, ఓర్పు, తనకంటే చిన్నవాడిని కాచుకోవడం నేర్చుకుంటాడని ఆయన వాదం. ఆట అంటే కాలక్షేపమని చాలామంది అనుకునే రోజులవి.

1837లో బ్లాంకెన్‌బుర్గ్‌లో పసిపిల్లల కోసం ఒక సంస్థ మొదలుపెట్టారు. 1840లో దానికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టారు. రంగురంగుల ఊలు బంతులు, చెక్క గోళం, ఘనం, స్తూపం, ఎనిమిది ముక్కలుగా విడిపోయే ఘనం ఆయన పిల్లలకిచ్చిన కానుకలు. ఆవరణలో ఒక్కో బిడ్డకు ఒక్కో చిన్న మడి, అందరికీ కలిపి ఇంకొన్ని మళ్లు. విత్తనం వేసి, నీళ్లు పోసి, మొలక కోసం ఆగడం అక్కడ పాఠం. చేతులు పట్టుకుని పాడుతూ తిరిగే ఆటలు కూడా ఉండేవి. మన ఒప్పులకుప్పకు అవి దగ్గరి చుట్టాలే. ఈ పనికి ఆయన స్త్రీలకు శిక్షణ ఇచ్చి ఉపాధ్యాయినులుగా తీర్చిదిద్దారు.

1851 ఆగస్టులో ప్రష్యా ప్రభుత్వం కిండర్‌గార్టెన్లను నిషేధించింది. అవి నాస్తికత్వాన్ని, సోషలిజాన్ని నేర్పుతున్నాయన్నది ఆరోపణ. ఆయన అన్న కొడుకు కార్ల్ రాసిన పుస్తకాన్ని ఈయనకు అంటగట్టారు. పొరపాటని ఎంత మొరపెట్టుకున్నా వినలేదు. మరుసటి ఏడాది జూన్ 21న ఫ్రోబెల్ కన్నుమూశారు. నిషేధం ఎత్తేసింది 1860లో. ఆయన సమాధి మీద ఘనం, స్తూపం, గోళం ఒకదానిపై ఒకటి పేర్చి ఉంటాయి.

సొంతగడ్డ మీద ఆగిన ఆ పని సముద్రం దాటింది. ఆయన పద్ధతి నేర్చుకున్న మార్గరెత్ షుర్జ్ 1856లో విస్కాన్సిన్‌లోని వాటర్‌టౌన్‌లో తన కూతురికీ బంధువుల పిల్లలకూ జర్మన్ భాషలో కిండర్‌గార్టెన్ నడిపారు. పరాయి దేశంలో అమ్మభాషలో ఇంటి దగ్గర నడిచిన బడి! మన బడికి అది అక్కలాంటిదని చెప్పుకోవచ్చు. 1873లో సెయింట్ లూయిస్‌లో సూసన్ బ్లో ప్రభుత్వ బడిలో కిండర్‌గార్టెన్ తెరిచారు. 1885లో బోస్టన్‌లో, బెర్లిన్ పార్కుల్లోని ఇసుక కుప్పల గురించి విని, పిల్లల కోసం ఇసుక పోయించారు. అమెరికాలో ఆటస్థలాల ఉద్యమం అక్కడి నుంచే మొదలైందంటారు. గోదారి ఇసుకలో పిచ్చుకగూళ్లు కట్టిన మనకు ఆ ఇసుక విలువ వేరే చెప్పాలా?

ఇదంతా ఇప్పుడెందుకంటే, వారానికి ఒక్కపూట నడిచే మన తెలుగు బడిలో ఆట విరామం తీసేసి, ఆ సమయంలో ఇంకో గుణింతం నేర్పమని కొందరు తల్లిదండ్రులు అడుగుతున్నారు. వారి ఆరాటం మాకు అర్థమవుతుంది. కానీ అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ కూడా 2013లో, చదువు పేరుతో విరామాన్ని తీసేయవద్దని బడులకు సూచించింది. ఉయ్యాల దగ్గర వంతు కోసం ఆగడం, నిచ్చెన మీద తర్వాతి మెట్టు అందుతుందో లేదో అంచనా వేసుకోవడం, పడి లేవడం బల్ల ముందు కూర్చుంటే రావు. తరగతిలో నోరు మెదపని పిల్లలు దాగుడుమూతల్లో తెలుగులో కేకలు పెట్టడం మేం ప్రతివారం చూస్తున్నాం.

కాబట్టి విరామం అలాగే ఉంటుంది. పెద్దలకు మాదొక విన్నపం. పిల్లల్ని దింపి కార్లో కూర్చోకుండా ఆవరణలోకి రండి. మీకు తెలిసిన తొక్కుడుబిళ్లో, ఒప్పులకుప్పో, నాలుగు స్తంభాలాటో నేర్పండి. అమ్మమ్మలు, తాతయ్యలు ఊరి నుంచి వచ్చి ఉంటే వాళ్లనూ తీసుకురండి.