యుద్ధభూమికి ఎక్స్‌రే వాహనం తీసుకువెళ్ళిన మేరీ క్యూరీ

బస్తర్ అటవీ గ్రామాలలో క్షయవ్యాధిని గుర్తించే శిబిరాలకు నేడు చేతితో మోసుకుపోగల ఎక్స్‌రే యంత్రాలు చేరుతున్నాయి. రోగి పట్టణానికి రాలేనప్పుడు యంత్రమే రోగి చెంతకు వెళ్ళాలన్న ఆలోచనను నూరేళ్ళకు పూర్వమే ఆచరణలో పెట్టిన శాస్త్రవేత్త మేరీ క్యూరీ. ఎక్స్‌రే వల్ల కలిగే మేలుతో పాటు దాని వెనుక పొంచి ఉన్న అపాయాన్నీ ఆమె జీవితం మనకు తెలియజేస్తుంది.

మేరీ 1867 నవంబరు 7న వార్సాలో ఉపాధ్యాయ దంపతులకు జన్మించారు. ఆనాడు రష్యా పాలనలో ఉన్న ఆ నగరంలో స్త్రీలకు విశ్వవిద్యాలయ ప్రవేశం లేదు. 1891లో ఆమె పారిస్ చేరి సోర్బాన్‌లో చదివారు. 1898లో భర్త పియరీ క్యూరీతో కలిసి పొలోనియం, రేడియం మూలకాలను కనుగొన్నారు. 1903లో భౌతికశాస్త్రంలోనూ, 1911లో రసాయనశాస్త్రంలోనూ నోబెల్ బహుమతి అందుకున్నారు. ఈ రెండింటి నడుమ, 1906లో పియరీ వీధి ప్రమాదంలో మరణించారు.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం ఆరంభమైంది. గాయపడిన సైనికుల శరీరంలో తూటా ఎక్కడ ఉందో తెలియక వైద్యులు తడుముకోవలసి వచ్చేది. ఎక్స్‌రే యంత్రాలున్న ఆసుపత్రులు దూరాన ఉండేవి. మేరీ దాతల నుంచి మోటారు వాహనాలు సేకరించి, వాటిలో ఎక్స్‌రే పరికరాలనూ, విద్యుత్తు నిచ్చే డైనమోనూ అమర్చారు. సైనికులు వాటిని చిన్న క్యూరీలని పిలుచుకున్నారు. సుమారు 20 వాహనాలు, 200 స్థిర కేంద్రాలు ఆమె కృషితో ఏర్పడ్డాయి. దాదాపు 150 మంది స్త్రీలు ఆమె వద్ద శిక్షణ పొందారు. పదిహేడేళ్ళ కుమార్తె ఐరీన్ కూడా తల్లి వెంట నడిచింది.

ఎక్స్‌రేల వల్ల చర్మం కాలుతుందనీ, క్యాన్సర్ వస్తుందనీ అప్పటికే కొంత తెలుసు. అయినా యుద్ధపు హడావుడిలో రక్షణ సాధనాలు అరకొరగానే ఉండేవి. సైనికునిపై కిరణాలు పడేది కొద్దిసేపే. యంత్రం పక్కన నిలిచినవారిపై అవి రోజూ పడేవి. 1934 జూలై 4న, 66వ ఏట, ఎముక మజ్జ రక్తకణాలను తయారుచేయలేని అప్లాస్టిక్ అనీమియాతో మేరీ కన్నుమూశారు. ఐరీన్ 1956లో రక్త క్యాన్సర్‌తో మరణించారు.

మేరీ మరణానికి రేడియమే కారణమని లోకం చాలాకాలం భావించింది. 1995లో ఆమె అవశేషాలను పారిస్‌లోని పాంథియాన్‌కు తరలించినప్పుడు ఫ్రాన్స్ వికిరణ రక్షణ సంస్థ పరీక్షలు జరిపింది. రేడియం జాడ తక్కువగానే ఉన్నందున, యుద్ధకాలంలో సోకిన ఎక్స్‌రేలే ఆ వ్యాధికి కారణమై ఉండవచ్చునని నిపుణులు అభిప్రాయపడ్డారు.

నేటి యంత్రాలు నాటికన్నా ఎంతో సురక్షితమైనవి. ఛాతీ ఎక్స్‌రే ఒకదానితో అందే మోతాదు సుమారు 0.1 మిల్లీసీవర్ట్. ప్రకృతి నుంచి మనకు పది రోజులలో అందేది దాదాపు అంతే. ఛాతీ సీటీ స్కాన్‌లో మాత్రం ఇది అనేక రెట్లు ఉంటుంది. మనదేశంలో వికిరణ రంగ సిబ్బందికి అణుశక్తి నియంత్రణ మండలి అయిదేళ్ళ సగటున ఏటా 20 మిల్లీసీవర్ట్‌ల పరిమితి విధించింది. మోతాదును నమోదు చేసే బ్యాడ్జి, సీసపు ఆప్రాన్, తగినంత దూరం వారికి రక్షణ కవచాలు.

రోగులకూ కొన్ని జాగ్రత్తలు అవసరం. గర్భిణులు ఆ విషయాన్ని ముందే తెలియజేయాలి. కోంటా నుంచి భద్రాచలానికో, బీజాపూర్ నుంచి జగదల్‌పూర్‌కో వైద్యానికి వెళ్ళేవారు పాత ఫిల్ములను వెంట తీసుకువెళితే అదే పరీక్ష మళ్ళీ చేయించే పని తప్పవచ్చు. అయితే వైద్యుడు అవసరమన్న ఎక్స్‌రేను భయంతో మానుకోవడం తగదు. గుర్తించని క్షయ ఆ కిరణాలకన్నా ఎన్నో రెట్లు ప్రమాదకరం. రోగికి మేలు జరగాలి, యంత్రం వద్ద నిలిచినవారికి కీడు కలగరాదు. మేరీ క్యూరీ సేవను స్మరించేవారు పాటించవలసిన నియమం ఇదే.