సర్ థామస్ మన్రో – పొలిమేర తగవులు

ఇరుగుపొరుగు గ్రామముల మైత్రి పొలిమేర యొద్దనే పరీక్షకు వచ్చును. చెరువు నీరు ముందెవరికి పారవలె, బీటిలో ఎవరి పసులు మేయవలె నను చిన్న తగవు సమసిపోవుటయు, తరతరముల పగగా మారుటయు తీర్పరులను బట్టి యుండును. ఈ విషయమును తెలుగుసీమలో కన్నులార గాంచి, దానికి శాసనరూప మొసగిన పాలకుడు సర్ థామస్ మన్రో.

ఇతడు 1761 మే 27న స్కాట్లండులోని గ్లాస్గో నగరమున ఒక వర్తకుని యింట జన్మించెను. 1780లో కుంఫిణీ సైనికోద్యోగియై చెన్నపట్టణము చేరెను. 1792 మొదలు 1799 వరకు, మన కుప్పమునకు దక్షిణముననున్న బారామహలు సీమలో రీడు దొర క్రింద శిస్తు వ్యవహారములు నేర్చెను. గుడారమే గృహముగా ఊరూర దిరిగి, రైతులతో ముఖాముఖిగా మాటలాడు అలవాటు అతనికి అచ్చటనే యబ్బెను.

1800లో నిజాము దత్తమండలములను కుంఫిణీకి ఒప్పగింపగా మన్రో వానికి ప్రధాన కలెక్టరయ్యెను. నాడచ్చట అధికారము పలుచోట్ల పంచబడి యుండెను గాని, అది ప్రజలచేత నుండలేదు. సుమారు 80 మంది పాళెగాండ్రు కోటలు కట్టుకొని, సాయుధ బంట్లను పోషించుచు, తమలో తాము కలహించుచుండిరి. వారి పగలకు బలియైనది పొలిమేర కిరువైపుల నున్న కాపులే. మన్రో సైన్యబలమున పాళెగాండ్ర నణచి, కొందరికి భరణము లేర్పరచెను. ఆ కాఠిన్యమును లండనులోని డైరెక్టర్లు సైతము ఆక్షేపించిరి.

పిదప 33 అడుగుల గొలుసుతో పొలములను కొలిపించెను. గొలుసు పొడవు చదరము ఒక గుంట. అట్టి 40 గుంటలు ఒక ఎకరము. ఏ పొలము ఎంతవరకో లెక్కలకెక్కెను. పుంగనూరు మాత్రము జమీందారీగా నిలిచి, 1948 నాటి ఎస్టేటుల రద్దు చట్టము వచ్చువరకు రైతువారీ పద్ధతికి వెలుపలనే యుండెను.

అయినను కొలత యొక్కటే తగవును తీర్పజాలదు. 1802 నాటి శాసనములచే జిల్లా అదాలతు లేర్పడగా, గట్టు తగవునకు సైతము రైతు దూరపు పట్టణమునకు నడువవలసి వచ్చెను. ఆ పొలమును చూడని న్యాయాధిపతి, సాక్షుల బత్తెములు, వాయిదాల మీద వాయిదాలు – ఇంతలో చిన్న మనస్పర్ధ వైరముగా ముదురును. 1807లో స్వదేశమునకు మరలిన మన్రో ఈ లోపమును కుంఫిణీ పెద్దలకు విన్నవించి, 1814లో న్యాయవిచారణ సంస్కరణ సంఘమునకు ముఖ్యుడై తిరిగి వచ్చెను.

ఆ కృషి ఫలముగా 1816లో పలు శాసనములు వెలువడెను. 4వ శాసనము గ్రామ మునసబునకు 10 రూపాయల వరకు వ్యాజ్యములు తీర్చు అధికారము నిచ్చెను. 5వది గ్రామ పంచాయతులను గుర్తించెను. 12వది భూముల తగవులను పంచాయతులకు అప్పగించుటకు కలెక్టరుకు వీలు కల్పించెను. గట్టును, కాలువను, ఉభయపక్షముల వారిని ఎరిగినవారే తీర్పు చెప్పవలెనని దీని భావము.

కాని ఆశించినంత ఫలము కలుగలేదు. గ్రామ పంచాయతు విచారణకు ఉభయులును సమ్మతింపవలెను. బలవంతుడు కాదనిన బలహీనునికి అదాలతే గతి. పంచాయతుదారులకు ప్రతిఫలమును లేదు. కనుక ప్రజలు వీనిని అరుదుగా నాశ్రయించిరి. చేరువ నున్న అధికారము మేలే. కాని రెండు ఊళ్లకును సమానమైన నమ్మకము లేనిచో అది పాళెగాని యధికారమునకు మారుపేరగును.

1820లో మన్రో చెన్నపట్టణపు గవర్నరయ్యెను. పదవి విడిచి వెళ్లుటకు ముందు దత్తమండలములను కడపటిసారి చూడవచ్చి, 1827 జూలై 6న పత్తికొండలో విషూచిచే మరణించెను. గుత్తిలో ఖననము చేసిన అతని శరీరమును తరువాత చెన్నపట్టణపు కోటలోని సెయింట్ మేరీ దేవాలయమునకు చేర్చిరి. దత్తమండలములలో పలువురు తమ బిడ్డలకు మన్రోలప్ప యని పేరిడిరి.

అతడు తీర్చిదిద్దిన గ్రామ మునసబు పదవి 1984లో ఆంధ్రప్రదేశమున రద్దయ్యెను. పంచాయతులకు 1993లో రాజ్యాంగమున స్థిరమైన స్థానము లభించినది. నేడు వానిలోని వారిని ప్రజలే ఎన్నుకొందురు. తెలుగు, కన్నడ, తమిళ భాషలు కలియు మన సీమలో పొలిమేర ఇరుగుపొరుగును విడదీయక కలుపవలె నన్నచో, ఆ ఎన్నికైనవారు తమ ఊరిని వలెనే ప్రక్క ఊరిని గూడ తలంపవలెను.