ఆరియోమైసిన్ వెనక మన సుబ్బారావు గారు

సావనీరుకి ఏదైనా రాసివ్వమని యూనియన్ కార్యదర్శి మూడుసార్లు స్టాఫ్ రూము చుట్టూ తిరిగాడు. నేను కథలూ కవితలూ రాసేదాన్ని కాను. నర్సింగ్ విద్యార్థినులకి మైక్రోబయాలజీ చెబుతాను. అందులో పిల్లలకి బాగా నిద్రొచ్చేది ఆంటీబయాటిక్స్ పాఠం. పెన్సిలిన్లు, సెఫలోస్పోరిన్లు, అమైనోగ్లైకోసైడులు, మాక్రోలైడులు అంటూ వల్లె వేయడమే గదా! టెట్రాసైక్లిన్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం నేను పుస్తకం మూసేస్తాను. ఆ కుటుంబంలో మొదటి మందు, బెజవాడలో రైలెక్కితే రెండు మూడు గంటల్లో చేరే ఊరి మనిషి నడిపిన ప్రయోగశాలలో పుట్టింది.

ఎల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. చిన్నతనంలో చదువు మీద ధ్యాస తక్కువే. కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్ముదామని ఇంట్లోంచి పారిపోతే పెద్దవాళ్లు వెనక్కి తీసుకొచ్చారట. మెట్రిక్ మూడో ప్రయత్నంలోగాని గట్టెక్కలేదు. (సప్లిమెంటరీలు రాసే తమ్ముళ్లు గమనించగలరు.) మద్రాసు మెడికల్ కాలేజీలో గాంధీగారి పిలుపు విని ఖద్దరు దుస్తుల్లో ఆపరేషన్ గదికి వెళ్లారు. సర్జరీ ప్రొఫెసరుకి కోపం వచ్చింది. చివరికి ఎం.బి.బి.ఎస్. రాలేదు, ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది.

అంతకంటే పెద్ద దెబ్బ ఇంట్లో తగిలింది. ఆయన సోదరులిద్దరు కొద్దిరోజుల తేడాలో స్ప్రూ జబ్బుతో పోయారు. తిన్నది ఒంటబట్టక, విరేచనాలు పట్టి, రక్తం క్షీణించి మనిషి ఎండిపోయే జబ్బు అది. అప్పట్లో దానికి సరైన మందు లేదు.

మామగారి సాయంతో అమెరికా వెళ్లి హార్వర్డులో చేరారు. పొట్టపోసుకోవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట చిన్నపని చేశారు. 1925లో ఫిస్కేతో కలిసి రక్తంలో ఫాస్ఫరస్‌ని కొలిచే పద్ధతి కనిపెట్టారు. తరవాత కండరాలకి శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టి.పి.ల సంగతీ బయటపెట్టారు. అయినా హార్వర్డులో స్థిరమైన ఉద్యోగం దొరకలేదు. 1940లో లెడర్లీ కంపెనీకి మారారు. అక్కడ ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. మన డెల్టాలో బోదకాలు రాకుండా ఇళ్లకి తెచ్చి మింగించే డి.ఇ.సి. మాత్ర కూడా 1947లో ఆ బృందం నుంచి వచ్చిందే.

ఇక ఆరియోమైసిన్. ఉద్యోగ విరమణ చేసిన డగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుణ్ణి కంపెనీ చేర్చుకుంది. ఊరూరి మట్టి తెప్పించి ఆయన సూక్ష్మజీవుల్ని వెతికారు. మిస్సోరీ మట్టిలో బంగారు రంగు స్ట్రెప్టోమైసిస్ ఒకటి దొరికింది. కనిపెట్టింది డగ్గరే, పరిశోధనలకి డైరెక్టరు సుబ్బారావు గారు. అంతా మనవాడిదే అనడం నాకు నచ్చదు, తన పేరు చాటుకోని ఆయనకీ నచ్చేది కాదు. పెన్సిలిన్ బాక్టీరియా గోడ కట్టుకోకుండా చేస్తుంది. ఇది కణంలోకే వెళ్లి, ప్రోటీన్లు తయారుచేసే రైబోజోము చిన్న భాగం మీద కూర్చుని ఆ పని ఆపేస్తుంది. అందుకే ఎన్నో రకాల క్రిముల మీద పనిచేసింది. 1948లో ఆ మందు సంగతి లోకానికి వెల్లడైంది. ఆ ఆగస్టులోనే సుబ్బారావు గారు నిద్రలో గుండె ఆగి కన్నుమూశారు. వయసు 53. మళ్లీ స్వదేశం చూడనేలేదు. భార్య శేషగిరి గారు ఇక్కడే ఉండిపోయారు.

తరవాతి కథ ఆయన చూడలేదు. 1950లలోనే జపానులో జిగట విరేచనాల క్రిములు టెట్రాసైక్లిన్‌తోపాటు మరికొన్ని మందులకీ ఒక్కసారే లొంగకుండా పోయాయి. ఆ విద్య ప్లాస్మిడ్ అనే చిన్న డి.ఎన్.ఏ. చుట్టలో ఉంటుంది. ఒక క్రిమి పక్క క్రిమికి దాన్ని అందిస్తుంది. చేలో నిలిచిన నీళ్లని రైతు ఇంజనుతో తోడినట్టు కొన్ని క్రిములు మందుని బయటికి తోడేస్తాయి. కొన్ని రైబోజోము మీంచి దాన్ని ఊడదీస్తాయి.

చెప్పొద్దూ, ఈ పాపంలో నాకూ వాటా ఉంది. హాస్టల్లో ఉన్నప్పుడు డాక్టరు రాసిచ్చిన డాక్సీసైక్లిన్ కడుపులో మంటగా ఉందని మధ్యలో మానేశాను. మిగిలినవి పెట్టెలో దాచి, రూమ్మేటుకి జలుబు చేస్తే ఇచ్చాను. జలుబు వైరస్‌ది, దానికి ఆ మందు పనికిరాదు. ఆ పిల్ల కడుపులోని మామూలు బాక్టీరియాకి మాత్రం మందుకి తట్టుకునే శిక్షణ ఇచ్చినట్టయింది.

మొన్న భీమవరం వెళుతుంటే కైకలూరు దాటాక రైలుకి రెండువైపులా చేపల, రొయ్యల చెరువులే. చెరువుల్లోనూ టెట్రాసైక్లిన్ జాతి మందులు వాడిన సందర్భాలున్నాయి. మందు అవశేషాలున్నాయని విదేశాలవాళ్లు సరుకు తిప్పి పంపిన సంగతులు మీరూ పేపర్లలో చదివే ఉంటారు.

క్లాసులో ఇదంతా చెప్పాక ఒకమ్మాయి లేచి, ఆయన సోదరులు పోయిన జబ్బుకి ఇప్పుడేం ఇస్తారు మేడం అని అడిగింది. ఫోలిక్ ఆమ్లం, దానికి తోడు టెట్రాసైక్లిన్, కొన్ని నెలలపాటు అని బోర్డు మీద రాశాను.