దీపము పట్టిన చేతిలో లెక్కల పుస్తకము

మే నెల 12వ తేదీని లోకమంతట నర్సుల దినముగా ఆచరించుచున్నారు. అది ఫ్లారెన్సు నైటింగేలు పుట్టిన దినము. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతపు మన సంఘములలోనుండి ఎందరో ఆడుబిడ్డలు నర్సు చదువు చదివి ఆసుపత్రులలో పని చేయుచున్నారు గనుక, ఈ నెల ఆమె జీవితమును గూర్చి వ్రాయ తలచితిమి. రాత్రివేళ దీపము పట్టుకొని రోగుల మంచముల మధ్య తిరుగుచున్న ఆమె పటమును మీలో చాలమంది చూచియుందురు. దీపము సంగతి అందరికిని తెలిసినదే. ఆమె వ్రాసిన లెక్కల సంగతి తెలిసినవారు కొద్దిమంది. మేము దానిని గూర్చియే ఎక్కువగా చెప్పెదము.

ఆమె 1820లో ఇటలీ దేశములోని ఫ్లారెన్సు పట్టణమందు పుట్టెను. ఆ ఊరి పేరే ఆమెకు పెట్టిరి. తలిదండ్రులు ధనవంతులైన ఆంగ్లేయులు. తండ్రి తానే ఆమెకు గ్రీకు, లాటిను భాషలు నేర్పెను. ఆమెకు మాత్రము లెక్కలమీద మక్కువ. 1837లో, పదునారేండ్ల వయస్సులో, దేవుడు తన్ను సేవకు పిలిచెనని ఆమె గ్రహించెను. అయితే నర్సు పని ఆ దినములలో గౌరవముగలది కాదు. చదువులేనివారును త్రాగుబోతులును చేయు పనియని పెద్దింటివారు అసహ్యపడిరి. తల్లియు అక్కయు ఏడ్చి అడ్డుకొనిరి. చివరకు 1851లో ఆమె జర్మనీ దేశములోని కైసర్స్‌వెర్తులో ఫ్లీడ్నరు పాదిరిగారు స్థాపించిన డీకనెస్సుల గృహమునకు పోయి మూడు నెలలు రోగుల పరిచర్య నేర్చుకొనెను. పిలుపు విన్న తరువాత పదునాలుగేండ్లు ఆమె కనిపెట్టవలసి వచ్చెను!

1854లో ఇంగ్లండు, ఫ్రాన్సు, తుర్కీ దేశములు ఒకవైపు, రష్యా ఒకవైపు క్రిమియాలో యుద్ధము చేయుచుండెను. గాయపడినవారిని ఓడలలో నల్ల సముద్రము దాటించి ఇస్తాంబులుకు ఎదుటి ఒడ్డుననున్న స్కుటారికి తెచ్చుచుండిరి. అక్కడి దుస్థితి వార్తాపత్రికలలో పడగా దేశమంతయు గగ్గోలు పుట్టెను. యుద్ధ మంత్రియైన సిడ్నీ హెర్బర్టు ఆమెకు స్నేహితుడు. ఆయన కోరగా ఆమె 38 మంది స్త్రీలను వెంటబెట్టుకొని అక్టోబరు 21న బయలుదేరి నవంబరు మొదటి వారములో స్కుటారి చేరెను.

అక్కడి పెద్ద సైనిక వైద్యాధికారి జాన్ హాల్ అనునతడు. ఆసుపత్రి చక్కగానున్నదని అంతకుముందే పైవారికి వ్రాసియుండెను. శస్త్రచికిత్సలో నొప్పి తెలియకుండ చేయు క్లోరోఫారము అప్పటికి ఏడేండ్లనుండి వాడుకలో ఉన్నను, గాయపడిన సిపాయిలకు దానిని వాడుటలో జాగ్రత్తపడవలెనని తన వైద్యులను హెచ్చరించినవాడును ఇతడే. కత్తి నొప్పి రోగికి మేలుచేయునని అతని తలంపు. ఇట్టివారి క్రింద నైటింగేలు ఏమి చేయగలదు? వైద్యులు పిలువనిదే రోగిని ముట్టరాదని ఆమె తన నర్సులకు ఆజ్ఞాపించి కనిపెట్టెను. కండ్లెదుట మనుష్యులు మూలుగుచుండగా వారు పక్కగుడ్డలు కుట్టుచు కూర్చుండిరి. కొద్ది దినములలోనే క్షతగాత్రులు గుంపులుగా వచ్చి పడిరి. చేతులు చాలక వైద్యులే వారిని పిలిచిరి. సామాను సంగతి మరియొక కథ. చొక్కాలు, దుప్పట్లు రేవుకు వచ్చినను, సంఘము కూడి తనిఖీ చేసినగాని మూటలు విప్పరు. ఈలోగా మనుష్యులు చలికి వణకుచుండిరి. ఆమె తన చేతిలోని చందా డబ్బుతో బ్రష్షులు కొనెను, ఒక ఇల్లు అద్దెకు తీసికొని బట్టలు ఉడకబెట్టి ఉతికించెను.

ఇంత చేసినను చావులు తగ్గలేదు. 1855 ఫిబ్రవరిలో నూటికి సుమారు 42 మంది చనిపోయిరి. మార్చిలో ఇంగ్లండునుండి ఆరోగ్య సంఘమువారు వచ్చి, ఆసుపత్రి క్రింద కుళ్లుచున్న మురుగు కాలువలను కడిగించి, చచ్చిన జంతువులను తీసివేయించి, గోడలకు సున్నము కొట్టించిరి. జూను నాటికి చావులు నూటికి రెండుకు దిగెను.

ఇచ్చట మనము కొంచెము నిలువవలెను. ఆ మురుగే వారిని చంపెనని నైటింగేలుకు అప్పుడు పూర్తిగా తెలియలేదు. తిండి లేక, బట్ట లేక, ఆలస్యముగా తెచ్చుటవలన చనిపోయిరని ఆమె నమ్మెను. 1856లో ఇల్లు చేరిన తరువాత, విలియం ఫార్ అను జనన మరణ లెక్కల నిపుణునితో కూడి ఆమె లెక్కలు వేసెను. యుద్ధములో సుమారు 16,000 మంది సిపాయిలు రోగములచేత చనిపోగా, రణరంగములో కూలినవారును గాయములచేత చనిపోయినవారును కలిసి ఐదు వేలకు లోపే. అన్నిటికంటె ఎక్కువ చావులు జరిగినది తన స్కుటారిలోనే. దేశమంతయు తన్ను దేవదూతయని పొగడుచుండగా, ఆమె కాగితములు ఈ మాట చెప్పెను. 1857 ఆగస్టులో ఆమె ఆరోగ్యము కూలిపోయెను. క్రిమియాలో పట్టిన జ్వరము దానికి కారణమని కొందరు, ఈ లెక్కల దెబ్బయేయని కొందరు చరిత్రకారులు చెప్పుదురు. ఆమె మాత్రము ఆ లెక్కలను దాచలేదు.

ఈ భాగమును వ్రాయునప్పుడు మా కలము ఆగినది. పదేండ్ల క్రిందట కోరుట్ల ప్రక్క పల్లెలో ఒక పిల్లవానిని నాట్ల పొలములో పాము కరచెను. అందరు మా యొద్దకు పరుగెత్తి వచ్చిరి. మేము ప్రార్థన చేసి, పెద్దలు చేసినట్లు, కాలికి పైన త్రాడుతో బిగించి కట్టితిమి. 108 బండి వచ్చి తీసికొనిపోయెను. పిల్లవాడు బ్రదికెనుగాని, రక్తము ఆడక పాదము దెబ్బతిని ఇప్పటికిని కుంటుచున్నాడు. అప్పుడు మా ప్రక్కనే నర్సు చదువు ముగించిన మా సంఘపు బిడ్డయొకతె నిలిచియుండెను. బిగించి కట్టరాదు, కోయరాదు, కాలు కదలకుండ బద్దకట్టి, విరుగుడు సూదిమందు ఉన్న ఆసుపత్రికి త్వరగా చేర్చవలెనని ఆమె పుస్తకములో నేర్చుకొనెను. మన ప్రభుత్వ వైద్య నియమములును అదియే చెప్పుచున్నవి. ఎందుకు చెప్పలేదమ్మా అని తరువాత అడిగితిమి. అయ్యగారు కట్టుచుండగా నేనెట్లు చెప్పుదును అని తల వంచుకొనెను. నయమాను ఇంటిలో చెరపట్టబడిన చిన్నది తెలిసిన మాట చెప్పెను, అతని దాసులును ధైర్యము చేసి అతని కోపమునకు ఎదురు నిలిచిరి. మా ఎదుట మా బిడ్డకు ఆ ధైర్యము రాకుండ చేసినది మా పెద్దరికమే.

ఇది మా ఒక్కరి కథ కాదు. 1991లో అమెరికాలో సాండ్రా ఫంక్ అను ఆమె తన తోటివారితో కలిసి, పరిశోధనలో రుజువైన సంగతులు రోగి మంచము దగ్గరకు రాకుండ అడ్డుకొనునవి ఏవియని నర్సులను అడిగెను. పద్ధతి మార్చు అధికారము మాకు లేదనునదియు, సమయము చాలదనునదియు ముందు నిలిచెను. క్షణములమీద ప్రాణము ఊగిసలాడు అత్యవసర వార్డులో ఇది మరింత కష్టము. అక్కడ పని చేయు మా సహోదరీలు చెప్పునది వినుచుందుము. ఒక్క నర్సు, పదిమంది రోగులు, రోగికి ఇరువదిమంది బంధువులు, అందరును కేకలు! క్రొత్త సంగతులు ఆంగ్లములో అచ్చుపడును. రాత్రి డ్యూటీ చేసి వచ్చినవారు వాటిని ఎప్పుడు చదువుదురు?

నైటింగేలుకు ఈ చిక్కు తెలియును. అంకెల పట్టికలు పెట్టిన అధికారులు చదువరని ఎరిగి, ఆమె 1858లో బండి చక్రమువంటి రంగుల పటమును వేయించెను. నెలకొక ఆకు. రోగపు చావులు నీలము, గాయపు చావులు ఎరుపు, తక్కినవి నలుపు. నీలము పటమంతయు మ్రింగివేసెను. చదువనివాడును చూచి తెలిసికొనును. ఆ సంవత్సరమే లండను గణాంక సంఘమువారు ఆమెను తమలో చేర్చుకొనిరి. స్త్రీలలో ఆమెయే మొదటిది. 1860లో సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సుల పాఠశాల తెరచెను.

మన దేశమునకు ఆమె ఎన్నడును రాలేదు. అయినను ఇక్కడి తెల్ల సిపాయిల చావులు సంవత్సరమునకు వెయ్యికి 69 అని 1863 నాటి రాజ సంఘపు నివేదికలో తేలినప్పుడు, దండు స్థలములనుండి వచ్చిన కాగితములను మంచముమీదనే యుండి పరిశీలించినది ఆమెయే. పదేండ్లలో ఆ సంఖ్య 18కి దిగెను. ధవళేశ్వరము ఆనకట్ట కట్టిన ఆర్థరు కాటన్ దొరతో ఉత్తరములు నడపి, కాలువలు త్రవ్విన కరవు తగ్గునని పైవారితో వాదించెను. మన ధర్మపురి ప్రక్కన పారు గోదావరియే అది!

ఆమెలోను ఒక మొండితనము ఉండెను. చెడు గాలివలన రోగము వచ్చునని నమ్మి, రోగము ఒకరినుండి యొకరికి అంటుననుటను చాల ఏండ్లు ఒప్పుకొనలేదు. ఇతరులు తన లెక్కలను త్రోసివేసినట్లే తానును ఇతరుల రుజువులను త్రోసివేసెను. ముసలితనములోగాని మనసు మార్చుకొనలేదు. దీనిని దాచి వ్రాయుట మాకు ఇష్టము లేదు.

1907లో రాజుగారు ఆమెకు ఆర్డర్ ఆఫ్ మెరిట్ అను బిరుదు ఇచ్చిరి. అంతవరకు ఏ స్త్రీకిని అది దొరకలేదు. అప్పటికి ఆమెకు చూపు పోయెను. 1910 ఆగస్టు 13న, 90 ఏండ్ల వయస్సులో నిద్రించెను. వెస్ట్‌మినిస్టరు దేవాలయములో గొప్పగా పాతిపెట్టుదుమని చెప్పగా, ఆమె కోరిక ప్రకారము బంధువులు వద్దనిరి. ఈస్ట్ వెలో అను పల్లెలోని గుడి తోటలో, తలిదండ్రుల ప్రక్కనే పాతిపెట్టిరి. రాతిమీద ఆమె పేరు లేదు. ఎఫ్, ఎన్ అను రెండు అక్షరములును, పుట్టిన సంవత్సరమును, చనిపోయిన సంవత్సరమును చెక్కియున్నవి.