బెజవాడ గోపాలరెడ్డి

బెజవాడ గోపాలరెడ్డి (1907 ఆగష్టు 7 - 1997 మార్చి 9) స్వాతంత్ర్య సమరయోధుడు, సాహితీవేత్త, ఆంధ్ర రాష్ట్రానికి రెండవ మరియు చివరి ముఖ్యమంత్రి. 1955లో నెల్లూరు జిల్లాలోని ఆత్మకూరు శాసనసభ నియోజకవర్గం నుండి ఎన్నికై ముఖ్యమంత్రి పదవి చేపట్టాడు. పందొమ్మిది నెలల తరువాత ఆంధ్రప్రదేశ్ అవతరణతో అతను పాలించిన రాష్ట్రము, దానితో పాటు అతని పదవి ముగిశాయి. ఆ అవతరణకు దారితీసిన ఒప్పందంపై సంతకం చేసినవారిలో అతను కూడా ఒకడు.

బాల్యము, విద్య

గోపాలరెడ్డి నెల్లూరు జిల్లా బుచ్చిరెడ్డిపాలెంలో జన్మించాడు. ఈ ఊరు ఆత్మకూరు నియోజకవర్గంలోనిది కాదు. కోవూరు నియోజకవర్గానికి చెందినది. బందరులోని ఆంధ్ర జాతీయ కళాశాలలోను, ఆ తరువాత రవీంద్రనాథ ఠాగూరు స్థాపించిన శాంతినికేతనంలోను చదువుకున్నాడు. అక్కడ అలవడిన బెంగాలీ భాష, రవీంద్రుని సాహిత్యంపై మక్కువ జీవితాంతం అతనిని వీడలేదు. స్వాతంత్ర్యోద్యమంలో పాల్గొని పలుమార్లు జైలుశిక్ష అనుభవించాడు.

మద్రాసు మంత్రివర్గాలలో

1937లో మద్రాసు రాష్ట్రంలో చక్రవర్తుల రాజగోపాలాచారి నాయకత్వాన ఏర్పడిన కాంగ్రెసు మంత్రివర్గంలో గోపాలరెడ్డి స్థానిక స్వపరిపాలన శాఖను నిర్వహించాడు. అప్పటికి అతనికి ముప్పయి ఏళ్ళు నిండలేదు. టంగుటూరి ప్రకాశం, వి.వి.గిరి ఆ మంత్రివర్గంలో అతని సహచరులు. భారతీయ ప్రజాప్రతినిధుల సమ్మతి లేకుండానే బ్రిటిషు ప్రభుత్వం భారతదేశాన్ని రెండవ ప్రపంచ యుద్ధంలోకి దింపినందుకు నిరసనగా 1939 అక్టోబరు, నవంబరు నెలలలో కాంగ్రెసు మంత్రివర్గాలన్నీ రాజీనామా చేశాయి.

స్వాతంత్ర్యానంతరం ఓమండూరు రామస్వామి రెడ్డియార్, కుమారస్వామి రాజా మంత్రివర్గాలలో ఆర్థికమంత్రిగా పనిచేశాడు. వయోజన ఓటుహక్కుతో జరిగిన తొలి సార్వత్రిక ఎన్నికలలో (1952) కాంగ్రెసుకు మద్రాసు రాష్ట్రంలో ఎదురుగాలి వీచింది. ముఖ్యమంత్రి కుమారస్వామి రాజాతో సహా పలువురు మంత్రులు ఓడిపోయారు. ఓడినవారిలో గోపాలరెడ్డి కూడా ఉన్నాడు.

ఆత్మకూరు నుండి ముఖ్యమంత్రి పదవికి

పొట్టి శ్రీరాములు ఆత్మార్పణ తరువాత, 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. తొలి ముఖ్యమంత్రి ప్రకాశం ప్రభుత్వం 1954 నవంబరులో మద్యనిషేధం విషయమై వచ్చిన అవిశ్వాస తీర్మానంలో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. రాష్ట్రపతి పాలన విధించబడి, 1955 ఫిబ్రవరిలో మధ్యంతర ఎన్నికలు జరిగాయి. కమ్యూనిస్టులను ఎదుర్కొనేందుకు కాంగ్రెసు, కృషికార్ లోక్ పార్టీ, ప్రజా పార్టీ ఐక్య కాంగ్రెసు కూటమిగా ఏర్పడి, 196 స్థానాలకు గాను 146 గెలుచుకున్నాయి. కమ్యూనిస్టులకు 15 స్థానాలు మాత్రమే వచ్చాయి.

మూడేళ్ళ క్రితం ఓడిపోయిన గోపాలరెడ్డి ఈసారి ఆత్మకూరు నుండి గెలిచి, 1955 మార్చి 28న ముఖ్యమంత్రిగా ప్రమాణస్వీకారం చేశాడు. నీలం సంజీవరెడ్డి ఉపముఖ్యమంత్రి అయ్యాడు. ఆంధ్ర, హైదరాబాదు రాష్ట్రాల ఉమ్మడి పథకమైన నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసింది ఇతని హయాంలోనే.

ఆంధ్రప్రదేశ్ అవతరణ

1955 సెప్టెంబరులో రాష్ట్రాల పునర్విభజన సంఘం తన నివేదికను సమర్పించింది. తెలంగాణ ప్రాంతాన్ని ప్రస్తుతానికి హైదరాబాదు రాష్ట్రంగా వేరుగానే ఉంచాలని, 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తరువాత అక్కడి శాసనసభ మూడింట రెండువంతుల ఆధిక్యతతో కోరుకుంటే ఆంధ్రతో కలపవచ్చునని సూచించింది. తెలంగాణ వారి సందేహాలు తీర్చేందుకు ఆ నవంబరులో ఆంధ్ర శాసనసభ హామీలతో కూడిన తీర్మానం చేసింది. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో పెద్దమనుషుల ఒప్పందం కుదిరింది. ఆంధ్ర పక్షాన గోపాలరెడ్డి, సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణరాజు సంతకాలు చేశారు. తెలంగాణ పక్షాన బూర్గుల రామకృష్ణారావు, కొండా వెంకట రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, జె.వి.నర్సింగరావు సంతకాలు చేశారు.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడినపుడు ముఖ్యమంత్రి స్థానం సంజీవరెడ్డికి దక్కింది. ముఖ్యమంత్రిగా ఉన్న గోపాలరెడ్డి, నిన్నటి వరకు తన ఉపముఖ్యమంత్రిగా ఉన్న వ్యక్తి మంత్రివర్గంలో మంత్రిగా చేరాడు. ఒప్పందం అమలు బాధ్యత ఆ విధంగా ఇతరుల చేతికి వెళ్ళింది. అది సరిగా అమలు కాలేదన్న అసంతృప్తి 1969 తెలంగాణ ఉద్యమానికి ఒక ముఖ్య కారణమయింది. 2014 జూన్ 2న తెలంగాణ ప్రత్యేక రాష్ట్రమయింది.

కేంద్రంలోను, ఉత్తరప్రదేశ్‌లోను

1958లో రాజ్యసభకు వెళ్ళి కేంద్ర ప్రభుత్వంలో చేరాడు. 1962లో కావలి నుండి లోక్‌సభకు ఎన్నికై, సమాచార ప్రసార శాఖ మంత్రి అయ్యాడు. 1963లో కామరాజ్ పథకం క్రింద పదవి వదులుకున్న ఆరుగురు కేంద్రమంత్రులలో ఇతనొకడు. మొరార్జీ దేశాయ్, లాల్ బహదూర్ శాస్త్రి కూడా వారిలో ఉన్నారు.

1967 నుండి 1972 వరకు ఉత్తరప్రదేశ్ గవర్నరుగా పనిచేశాడు. 1970లో కాంగ్రెసు మద్దతు ఉపసంహరించడంతో చరణ్ సింగ్ ప్రభుత్వం చిక్కుల్లో పడినపుడు, గోపాలరెడ్డి రాష్ట్రపతి పాలనకు సిఫారసు చేశాడు. విదేశీ పర్యటనలో ఉన్న రాష్ట్రపతి వి.వి.గిరి సోవియట్ యూనియన్‌లోని కీవ్ నగరంలో ఆ ఉత్తర్వుపై సంతకం చేశాడు. 1937 నాటి మంత్రివర్గ సహచరులిద్దరు ఈ నిర్ణయంలో భాగస్వాములు కావడం విశేషం. మెజారిటీ ఉన్నదీ లేనిదీ శాసనసభలోనే తేలనివ్వవలసిందని విమర్శలు వచ్చాయి. గోపాలరెడ్డి ప్రజాజీవితంలో అత్యంత వివాదాస్పదమైన ఘట్టం ఇదే.

సాహిత్యం

రవీంద్రుని గీతాంజలితో పాటు పలు రచనలను తెలుగులోకి అనువదించాడు. స్వయంగా కవిత్వం వ్రాశాడు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీకి అధ్యక్షుడుగా పనిచేశాడు.

నియోజకవర్గము, జిల్లా

ఆంధ్ర ప్రాంతంలో 1957లో శాసనసభ ఎన్నికలు జరగలేదు. 1955లో ఎన్నికైన సభ్యులే ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 1962 వరకు కొనసాగారు. కాబట్టి ఆత్మకూరు ఓటర్లు 1955లో ఇచ్చిన ఒక్క తీర్పు రెండు రాష్ట్రాల శాసనసభలకు చెల్లింది. రాష్ట్రం మారినా నియోజకవర్గం నిలిచింది. 2009లో ఆనం రామనారాయణరెడ్డి, 2014, 2019లలో మేకపాటి గౌతమ్‌రెడ్డి, అతని మరణానంతరం 2022 ఉపఎన్నికలో మేకపాటి విక్రమ్‌రెడ్డి, 2024లో తిరిగి ఆనం రామనారాయణరెడ్డి ఇక్కడ గెలిచారు.

గోపాలరెడ్డి తరువాత నెల్లూరు జిల్లా నుండి మరొకరు ముఖ్యమంత్రి కావడానికి మూడు దశాబ్దాలకు పైగా పట్టింది. నాయుడుపేటకు పొరుగున ఉన్న వెంకటగిరి నుండి ఎన్నికైన నేదురుమల్లి జనార్ధనరెడ్డి 1990లో ఆ పదవి చేపట్టాడు. నాయుడుపేట, వెంకటగిరి 2022లో కొత్తగా ఏర్పడిన తిరుపతి జిల్లాలో చేరగా, ఆత్మకూరు నెల్లూరు జిల్లాలోనే ఉండిపోయింది.