కొడగు కడపటి రాజు చిక్క వీరరాజేంద్రుడు

కావేరీ నదికి జన్మస్థానమైన కొడగు సీమను ఇన్నూరేండ్లకు పైగా ఏలిన హాలేరి రాజులు వీరశైవులు. ఇక్కేరి నాయకుల శాఖవారు. వంశకర్త జంగమ వేషమున హాలేరి గ్రామమునకు వచ్చి, ప్రజల భక్తిని చూరగొని, క్రమముగా దొరయయ్యెనని ప్రతీతి. 1681లో ముద్దురాజు రాజధానిని మడికేరికి మార్చెను.

ఈ వంశమునకు వన్నె తెచ్చినవాడు దొడ్డ వీరరాజేంద్రుడు. టిప్పు సుల్తాను చెరలోనున్న ఆయన 1788లో పెరియపట్టణమునుండి తప్పించుకొని వచ్చి, 1790లో ఇంగ్లీషు కంపెనీతో సంధి చేసికొని, పోయిన రాజ్యమును నిలబెట్టెను. పుత్రసంతానము లేనందున కుమార్తె దేవమ్మాజీకి పట్టము కట్టవలెనని ఆయన సంకల్పము. 1809లో ఆయన లింగైక్యము చెందగా, సంరక్షకుడైన తమ్ముడు లింగరాజు 1811లో తానే సింహాసనమెక్కెను. నమ్మి అప్పగించిన సొత్తును అపహరించిన నాడే వంశపతనమునకు బీజము పడెను.

లింగరాజు కుమారుడే చిక్క వీరరాజేంద్రుడు. 1820లో రాజ్యమునకు వచ్చిన ఇతనికి తన దాయాదులయందే అనుమానము. అన్యాయముగా వచ్చిన గద్దెను భయమే కాపాడవలసి వచ్చెను. బంధువులు పలువురు హతులైరి. 1832లో స్వంత తోబుట్టువే భర్త చెన్నబసవప్పతో ప్రాణభీతిచే మైసూరునకు పారిపోయి కంపెనీవారి శరణు జొచ్చెను. వారిని తిరిగి పంపుమని రాజు పట్టుబట్టెను, కంపెనీ నిరాకరించెను. రాజు కంపెనీ దూతను నిర్బంధించుటతో వైరము ముదిరెను.

1834 ఏప్రిలులో కంపెనీ సేనలు నాలుగు వైపులనుండి కొడగును ముట్టడించెను. ఉత్తరమున కొడగు వీరులు శత్రువులకు తీవ్రనష్టము కలిగించిరి. ప్రజలు పోరాడుచుండగా రాజు ధైర్యము సడలి లొంగిపోయెను. 1790లో స్నేహహస్తము చాచిన కంపెనీయే, ప్రజాభీష్టమను పేర ఆ రాజ్యమును కలుపుకొనెను. రాజు దోషములు నిజమే. కంపెనీ రాజ్యకాంక్షయు అంతే నిజము.

పదవి కోల్పోయిన రాజును వెల్లూరునకు, పిమ్మట కాశికి పంపిరి. కంపెనీ వద్దనున్న తన కుటుంబ ధనమును రాబట్టుకొనుటకై 1852లో కుమార్తె గౌరమ్మతో ఆయన ఇంగ్లాండునకు ప్రయాణమయ్యెను. ఆ యేడే పదునొకండేండ్ల గౌరమ్మ క్రైస్తవమతము స్వీకరించగా, విక్టోరియా రాణి జ్ఞానమాతయై ఆమెకు తన పేరే పెట్టెను. వ్యాజ్యముతోనే కాలము గడచిపోయి, 1859లో రాజు లండనులో మరణించెను. 1864లో గౌరమ్మయు అకాలమరణము చెందెను.

మడికేరిలో దొడ్డ వీరరాజేంద్రుని, లింగరాజుని సమాధి మందిరములు నేటికిని గోపురములతో నిలిచియున్నవి. కడపటి రాజు మాత్రము పరదేశమున కన్నుమూసెను. జంగమ వేషమునకు ప్రజలు చూపిన భక్తియే ఆ వంశమునకు తొలి పెట్టుబడి. ఆ పెట్టుబడి హరించిన పిమ్మట కోటలు గాని, కోశము గాని దానిని కాపాడలేకపోయెను. అధికారము ప్రజలు అప్పగించిన కాయకమని మరచిన ఏ గద్దెకైనను ఇదియే గతి.