మగ్గమునకు ఆగుట నేర్పిన సకీచి టొయోడా

టొయోటా అనగానే మోటారుకారు తలపునకు వచ్చును. కాని ఆ వంశమునకు తొలుత కీర్తి తెచ్చినది మగ్గము. త్వరగా చేసిన పని నాణ్యముగా నుండదనియు, నాణ్యము కోరినచో జాగు తప్పదనియు మనలో ననేకుల నమ్మకము. ఈ రెంటికిని వైరము లేదని కర్మాగారమున చేసి చూపినవారిలో సకీచి టొయోడా యొకడు.

సకీచి 1867వ సంవత్సరము ఫిబ్రవరి 14వ తేదీన జపాను దేశపు షిజువోకా ప్రాంతమున, నేటి కొసాయి నగరమునకు చేరిన యొక పల్లెలో జన్మించెను. తండ్రి వడ్రంగి, బాలుడును ఉలి, బాడిస పట్టినవాడే. ఆ పల్లెలలో స్త్రీలు ఇంటింట నూలుబట్ట నేయుచుండిరి. తల్లి పడు శ్రమను తగ్గింపవలెనని ఈతడు మగ్గముపై మనసు పెట్టెనని చెప్పుదురు. తండ్రికి మాత్రమీ వ్యాసంగము నచ్చలేదు. 1890లో టోకియో నగరమున జరిగిన పారిశ్రామిక ప్రదర్శనమునకు పోయి, సకీచి యంత్రముల యెదుట దినములకొలది నిలిచి పరిశీలించెను. మరుసటి యేడు ఆతని చేతిమగ్గమునకు మొదటి పేటెంటు లభించెను. అంతవరకు నేతకు రెండు చేతులును కావలసియుండెను. ఈ మగ్గముపై ఒక్క చేతితో అచ్చును ఆడించిన చాలును, నాడె తనంత తానే పరుగెత్తును. నేత నూటికి 40, 50 పాళ్లు పెరిగెను. బట్టయు సమముగా వచ్చెను.

1896లో ఈతడు మరమగ్గమును నిర్మించెను. పేకనూలు తెగినచో అది తనంత తానే నిలిచిపోవును. ఇది స్వల్పవిషయముగా కనిపించును గాని, తరువాతి కథకంతటికిని మూలమిదియే. చీరాల, మంగళగిరి మగ్గముల నడుమ పెరిగినవారికి దీని విలువ విడమరచి చెప్పనక్కరలేదు. చేతిమగ్గముపై నేతగాని కన్ను ప్రతి పోగును కనిపెట్టియుండును. మరమగ్గమునకు కన్ను లేదు. నూలు తెగినను అది ఆడుచునేయుండును. ఎంత వడిగా నడచిన, చెడిన బట్ట అంత యెక్కువ. అందుచే ప్రక్కనే మనుష్యుని కాపుంచవలెను. తప్పు కలిగిన క్షణముననే యంత్రము ఆగినచో చెడ్డబట్ట పుట్టదు, కాపరి యవసరమును తగ్గును.

వ్యాపారపు దారి సుగమము కాలేదు. 1907లో ఇతరుల పెట్టుబడితో ఏర్పడిన కంపెనీని 1910లో వీడవలసివచ్చి, సకీచి అమెరికా, ఐరోపాలకు పోయెను. తిరిగివచ్చి 1911లో నగోయా నగరమున సొంత నేతమిల్లు పెట్టెను. అచ్చట క్రొత్త చిక్కు బయలుపడెను. కొనితెచ్చిన నూలు నాసిరకమైనచో ఎంత మంచి మగ్గమైనను మాటిమాటికి ఆగును. అందుచే 1914లో నూలు వడకుటయు తానే చేపట్టెను.

1924లో కుమారుడు కీచిరో తోడ్పాటుతో ‘జి’ రకపు మగ్గము సిద్ధమయ్యెను. నాడెలోని నూలు అయిపోగానే, వేగము తగ్గకుండ మరియొక నాడె వచ్చి చేరును. పడుగు గాని పేక గాని తెగిన వెంటనే మగ్గము ఆగును. ఒక్క మనిషి 30 మొదలు 50 మగ్గముల వరకు చూచుకొనగలిగెను. అమెరికాలోని నార్త్రప్ మగ్గము 1890 ప్రాంతపు దశకముననే కండెను తనంత మార్చుకొనుచుండెను గనుక, సర్వమును సకీచి సృష్టియే యనుట న్యాయము గాదు. ఐనను, మన దేశపు మిల్లులకు చిరకాలము యంత్రములు పంపిన ప్లాట్ బ్రదర్స్ అను ఆంగ్ల సంస్థ 1929లో ఈ మగ్గపు హక్కులను 1,00,000 పౌనులకు కొనెను.

సకీచి 1930 అక్టోబరు 30న మరణించెను. కీచిరో 1933లో మగ్గముల కర్మాగారమందే మోటారు విభాగమును తెరచెను. ఇంటిపేరును ఒకింత మార్చి, 1937లో టొయోటా పేరిట అది వేరు కంపెనీ అయ్యెను. కావలసిన భాగము కావలసిన వేళకు కావలసినంతయే రావలెనని కీచిరో తలంపు. కర్మాగారమున వస్తువు తయారగుటకు పట్టు కాలములో పనికన్న నిరీక్షణయే తరచు అధికము. గుట్టలుగా పడియున్న భాగములే ఆ జాగునకు కారణము. గుట్టలు తీసివేసినచో జాగు తగ్గును గాని, అప్పుడొక్క చెడ్డ భాగము వచ్చినను పని యంతయు నిలుచును. కావున తప్పును పుట్టినచోటనే పట్టవలెను. తండ్రి మగ్గము కుమారుని కోరికకు ఇచ్చట అక్కరకు వచ్చెను. టొయోడా నూలుమిల్లులో 1932లో చేరి, 1943లో మోటారు కంపెనీకి మారిన తాయిచీ ఓనో ఈ రెంటిని కలిపి యొక పద్ధతిగా తీర్చెను. లోపము కనబడినచో, పైయధికారి యనుమతికై వేచియుండక, బండ్లు కూర్చు వరుసనంతటిని ఆపు హక్కు ఆ పద్ధతిలో సామాన్య కార్మికునికి లభించెను.